ఫోన్‌కి తల కనిపించదు

బాబాయ్,

నిన్న మీకు ఫోన్ చేసి ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నందుకు కోప్పడకండి. ఫోన్‌లో లోపమేమీ లేదు. మీరు "ఏమ్మా, బాగున్నావా?" అన్నారు, నేను తల ఊపాను. మీరు "హలో, హలో" అని విసుక్కుని పెట్టేశారు. మళ్లీ అలాగే అవుతుందేమోనని ఈ ఉత్తరం.

కాలేజీలో బిజినెస్ ఇంగ్లీషు క్లాసులోనూ ఇదే గొడవ. ఫోన్ సంభాషణ నేర్పేటప్పుడు మా మేడమ్ మమ్మల్ని ఒకరి మొహం ఒకరికి కనిపించకుండా వీపుకి వీపు ఆనించి కూర్చోబెడతారు. మొన్న ఆవిడ కొనేవారు, నేను అమ్మే కంపెనీ. ధర తగ్గిస్తారా అంటే తల అడ్డంగా ఊపాను. సరుకు సోమవారానికి పంపుతారా అంటే నిలువుగా ఊపాను. క్లాసంతా పగలబడి నవ్వింది.

"నీ ఇంగ్లీషుకి వంక పెట్టడానికి లేదమ్మా. కానీ ఫోన్‌కి నీ తల కనిపించదు" అన్నారు మేడమ్.

వచ్చే నెల ఒక కంపెనీవాళ్లు ఫోన్‌లోనే ఇంటర్వ్యూ చేస్తారు. పార్శిల్ ఆఫీసులో మీరు రోజంతా జనం చేత తిట్లు తింటారు కదా! సాయంత్రాలు ఫోన్ చేసి, సరుకు అందని కస్టమర్‌లా నన్ను తెలుగులోనే దులిపేయండి. నేను ఇంగ్లీషులో సర్దిచెబుతాను. అన్న కూతురని మొహమాటపడకండి.

తల ఊపకుండా ఉండాలని నా రూమ్మేట్ నా నెత్తిమీద పెన్సిల్ చెరిపే రబ్బరు పెట్టి మాట్లాడిస్తోంది. మొదట్లో మాటమాటకీ పడేది. ఇవాళ ఒక్కసారే పడింది, అదీ తుమ్ము వచ్చి.

ఇది అందగానే ఫోన్ చేయండి. ముందు బాగున్నావా అని అడగండి, తిట్లు తర్వాత. ఈసారి నోటితోనే చెబుతాను, బాబాయ్. చాలా బాగున్నాను.

మీ అమ్మాయి