శనివారం ఆటలో మీ అమ్మగారు

అక్కా,

మీ అమ్మగారి సంగతి ఫోన్‌లో చెప్పే ధైర్యం చాలక రాస్తున్నాను. మొన్న శనివారం మా హాస్య బృందం ఆటలో, ప్రేక్షకులు ఇచ్చిన మాట మీద ఆవిడా నేనూ వేదిక మీద అప్పటికప్పుడు కథ అల్లుతున్నాం. మధ్యలో ఆవిడ నన్ను చూసి, "నువ్వెవరమ్మా?" అన్నారు. హాలంతా నవ్వింది. ఏడేళ్లుగా కలిసి ఆడుతున్నాం కనుక, ఆ కళ్లలో భయం నాకు తెలిసింది.

"మీ కొత్త కోడల్ని, అత్తయ్యా" అన్నాను.

"అయితే చెప్పులు లోపల పెట్టుకో. మా చుట్టాలు మంచి జత కనిపిస్తే తొడుక్కుపోతారు" అన్నారు. ఒకటే చప్పట్లు! తెర వెనక మాత్రం చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.

డాక్టరుకు చూపించండి. ఆట మాత్రం మాన్పించకండి. ముందే గుర్తుపెట్టుకోవాల్సిన మాటలంటూ మాకేమీ ఉండవు. ఆవిడ ఎక్కడ ఆగిపోతే అక్కణ్ణుంచి మేం అందుకుంటాం.

మీ చెల్లెలిలాంటిది