కల్వర్టు కింద ఒండు

పెద్దక్కకు,

తమ్ముడు రాజేశం దండాలు పెట్టి రాస్తున్నాడు. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? కోడలు, పిల్లలు, బర్రె, అందరూ కులాసాయే కదా? నేను బాగానే ఉన్నాను. బాగానే ఉన్నానని మరోసారి రాస్తున్నాను, కింది సంగతి విన్నాక నువ్వు నమ్మవు కనుక.

నీకు చదవడం రాదు, దీన్ని చదివి వినిపించేది బావే. బావా, గొంతు తగ్గించకు, వరుసలు దాటేయకు. చెరువు లోపలి భూమిలో నువ్వు వరి వేశావని నేను అర్జీ పెడితే, నేను అన్నల మనిషినని, నక్సలైటునని పోలీసులకు చెప్పి వచ్చావు. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి, నాలుగుసార్లు స్టేషన్ మెట్లెక్కించావు. ఇంటినిండా పుస్తకాలు వదిలి ఈ రాయికల్ పక్క పల్లెకు వచ్చి పడ్డాను. ఆ మాట నీ నోటితోనే అక్కకు వినిపించావు, నాకది చాలు.

అక్కా, ఇక్కడ నా పని చెబుతాను. జగిత్యాలలోని ఒక సంస్థ ఆరుగురు వాలంటీర్లను నాకు అప్పగించింది. ఊరి చెరువూ, దానికి నీళ్లు తెచ్చే కాలువా ఎలా బాగుపడాలో వాళ్లే నడిచి, కొలిచి, పటం గీసి ప్రణాళిక రాయాలి. నేర్పడం నా వంతు. అందరిలో చురుకైనది గంగవ్వ. బీడీలు చుడుతుంది, మగడు దుబాయిలో. ఆమె మరిది గంగారాం కూడా వాలంటీరే. నాకు వంట రాదు కనుక గంగవ్వ పంపే మొక్కజొన్న గటకతో గడుపుతున్నాను. కారం తక్కువ, ఎవరైనా ఇటు వస్తే మిరపతొక్కు పంపు. ఎండ మండిపోతోంది. పొద్దుగూకితే మాట్లాడడానికి గోడలే.

చెరువుకు నీళ్లు ఎందుకు రావడం లేదో వెతుకుతూ పోతే, రోడ్డు కింద కల్వర్టు సగానికిపైగా ఒండుమట్టితో మూసుకుపోయి కనిపించింది. ఎంత లోతు ఉందో కొలవమని గంగారాంను లోపలికి పంపింది నేనే. ఈ రోజుల్లో కల్వర్టు కింద మనిషి కనబడితే ఏమనుకుంటారో, ఇన్ని పుస్తకాలు చదివిన నాకు తట్టలేదు. పోలీసు జీపు వచ్చింది. మందుపాతర పెడుతున్నాడని తుపాకులు గురిపెట్టి, కాళ్లు పట్టి బయటికి లాగారు. చేతిలో టేపు, ఒంటినిండా బురద. అలాగే తీసుకుపోయారు.

స్టేషన్‌కు పోయాను. ఎస్సై మా పటాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"కల్వర్టు లోతు నీకెందుకు పంతులూ?"

"ఒండు తీస్తెనే చెరువు నిండుతది సార్."

"అయితె తియ్యి. మా ముందటనే తియ్యి. ఏం దొరకకుంటె వాన్ని ఇడుస్త."

తిరిగి వచ్చి అందరికీ చెప్పాను. పోలీసుల ముందు తవ్వితే, వాళ్ల కోసం మందుపాతరలు వెతుకుతున్నామని అన్నలు అనుకుంటారు. తవ్వకపోతే గంగారాం బయటికి రాడు. నేనొక్కణ్ణే తవ్వుతానన్నాను.

గంగవ్వ నవ్వింది. "నువ్వు పార పడితె నిన్ను మొయ్య నలుగురు గావాలె సారూ. గుట్టుగ చేస్తెనే గద అనుమానం? డప్పు కొట్టిద్దాం."

మరునాడు ఊరంతా డప్పు మోగింది. "రేపు పొద్దుగాల చెరువు నీళ్లకోసం కల్వర్టు కింద ఒండు తీస్తున్నం, ఇంటికొకలు రావాలెహో!" వినవలసిన వాళ్లందరికీ వినబడే ఉంటుంది, గుట్టమీది వాళ్లకు కూడా.

ఆ తెల్లారి, పోలీసులు చూస్తుండగా ముందు నేనే దూరాను. పార దేనికో తగిలి ఠంగుమంది. బయటివాళ్లు వెనక్కి జరిగారు. చేత్తో తడిమి చూసి, రాయేనని అరిచాను. అప్పుడు ఆడవాళ్లు తట్టలు అందుకున్నారు. మధ్యాహ్నానికి అవతలి వెలుతురు కనిపించింది. పోలీసులు వంగి చూసి వెళ్లిపోయారు.

నిన్న సాయంత్రం గంగారాంను విడిచారు. చెంప వాచింది. తిడితే పడదామని కూర్చున్నాను. వదిన ఇచ్చిన నీళ్లు తాగి, పటం అడిగి, వేలు పెట్టాడు.

"సారూ, గిక్కడ ఇంకో కల్వర్టున్నది. గది తియ్యకుంటె గీ పనంత దండుగ."

"భయమైతలేదారా నీకు?"

"ఐతంది. అయితె వానకాలం ఆగుతదా?"

అది అడవి దారిలో ఉంది. దాని కింద ఏముందో పోలీసులకూ తెలియదు. అందుకే మూడు రోజుల ముందుగా, ఈ ఉదయమే డప్పు చాటించాం. ఎవరైనా ఏదైనా పెట్టి ఉంటే ఈలోగా తీసుకుపోతారని గంగవ్వ ధీమా. నాకంత ధీమా లేదు. ముందు దూరేది మాత్రం నేనేనని అందరికీ చెప్పేశాను.

పెద్దమ్మకు, పెదనాన్నకు నా దండాలు చెప్పు. అలవాటు కొద్దీ ప్రతిసారీ నీ దీవెన అడిగేవాణ్ణి, ఈసారి అవసరమై అడుగుతున్నాను. ఉత్తరం నీకు అందేసరికి ఆ పొద్దు దాటిపోయి ఉంటుంది. అయినా దీవించు.

నీ తమ్ముడు,
రాజేశం