ఖాకీ చొక్కా జేబు

వన్ టౌన్, విశాఖపట్నం
22-5-1978

చి.ల.సౌ. మరదలు కాంతానికి, వదిన తాయారు ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ ఉప్పుగాలికీ ఎండకీ వేగిపోతున్నా అందరం కులాసాగానే ఉన్నాం. పిఠాపురంలో నువ్వూ, పిల్లలిద్దరూ, అత్తయ్యగారూ, మావయ్యగారూ చల్లగా ఉండాలని సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంటున్నాను. మీ ఇంటికి ఎవరి ఉత్తరం వచ్చినా మీ నాన్న నరసింహమూర్తి మావయ్యగారే విప్పి, వసారాలో అందరికీ చదివి వినిపిస్తారని నాకు తెలుసు. అందుకని మావయ్యగారూ, మీకు నమస్కారాలు. ముందు ఒకటి రెండు మొహమాటపు మాటలున్నాయి. అక్కడికొచ్చేసరికి కాస్త గొంతు తగ్గించండి.

మీరు రాసిన ఉత్తరం అందింది. మా తమ్ముడు గవర్రాజు ఖాకీ చొక్కా ఉతకబోతే కాంతానికి జేబులో నిరోధ్ ప్యాకెట్లు దొరికాయనీ, బాలింతరాలిని ఇంట్లో పెట్టుకుని వాడు రేవు పక్క సందుల్లో తిరుగుతున్నాడనీ, అందుకే పిల్లలతో పుట్టింటికి వచ్చేసిందనీ రాశారు. ఆ ప్యాకెట్లు సాక్ష్యానికి కాంతం ట్రంకు పెట్టెలో భద్రంగా ఉన్నాయనీ, వచ్చే ఆదివారం పెద్దల్లో పెట్టి తెగదెంపులు చేసుకుంటామనీ రాశారు. తమ్ముడు కదా అని వెనకేసుకు రాను. వాడు తప్పుచేసి ఉంటే చీపురుకట్ట తిరగేసేదాన్ని ముందు నేనే. కానీ సంగతి వినండి.

గవర్రాజు ఓడల్ని లాగే టగ్గు మీద పని చేస్తాడని మీకు తెలుసు. ఆ పనిలో ఒంటి మీద పొడిగుడ్డ నిలవదు. యారాడ కొండ దాటితే చాలు, కెరటం డెక్కు మీదికే వస్తుంది. బీడీలూ అగ్గిపెట్టే తడిసి ముద్దయిపోతాయి. సర్కారువారేమో కుటుంబ నియంత్రణకని ఎర్ర త్రికోణం బొమ్మ వేసి, ఇద్దరు లేక ముగ్గురు చాలు అంటూ డిస్పెన్సరీలో నిరోధ్‌లు ఊరికే పంచుతున్నారు. మనవాళ్ళు తక్కువ తిన్నారా! అందులో బీడీలు దూర్చి మూతి ముడేసుకుంటారు. చుక్క నీరు దిగదు.

మా ఆయన వీర్రాజు జేబులో మొదటిసారి చూసినప్పుడు నేను అట్లకాడ పట్టుకుని వీధి మొగదాకా తరిమాను. ఆయన పరిగెడుతూనే, ఏటే నీ గోల, బీడీలకే తాయారూ, ఒట్టు, ముడిప్పి సూసుకో అని అరిచాడు. చూద్దును కదా, నిజంగానే బీడీలు! వీధంతా పడీపడీ నవ్వింది. డిస్పెన్సరీలో హెల్తు విజిటరు మంగాయమ్మగారు మాత్రం నవ్వలేదు పాపం. ఇంతమంది మగాళ్ళు పట్టుకెళ్తున్నారు, మరి పురుళ్ళెందుకు తగ్గట్లేదా అని ఆవిడ ఎన్నాళ్ళుగానో బుర్ర బద్దలుకొట్టుకుంటోందట.

కాబట్టి మావయ్యగారూ, అవి బీడీల కోసమే. పెద్దల్ని పిలిచి నలుగురిలో నవ్వులపాలు కాకండి. పిల్లని పంపించండి. మా వీధిలో బట్టల కొట్టు అబ్దుల్ హమీద్ భాయ్ ఉప్పాడ చీరల కోసం మీవైపు వస్తుంటే ఈ ఉత్తరమూ, చంటిదానికి సున్నిపిండి పొట్లమూ ఇచ్చి పంపుతున్నాను. పొట్లం కాంతం చేతికే ఇవ్వండి. ఎలా కలపాలో దానికే తెలుసు.

మీ ఆదివారం గురించి తలుచుకుంటూ నిద్రపట్టని,
తాయారు

తా.క.

కాంతం, ఈ ముక్క వేరే చీటీ మీద రాసి సున్నిపిండిలో దాచి పంపుతున్నాను. మగాళ్ళు దాని జోలికి రారు. ఒక్కదానివే కూర్చుని చదువుకో.

ఉత్తరంలో రాసింది మా ఆయన విషయంలో నిజం, గవర్రాజు విషయంలో శుద్ధ అబద్ధం. పెద్దపిల్ల పుట్టిన రోజే వాడు బీడీ మానేశాడు. అది నీకు తెలుసు, నాకు తెలుసు. మీ నాన్నగారికి తెలియదు.

మీ ఉత్తరం రాగానే వాణ్ణి నిలదీశాను. ఆఖరికి చంటిపిల్లాడిలా ఏడ్చాడే! రెండో కాన్పులో నువ్వు రక్తం పోయి కళ్ళు తేలేసినప్పుడు డాక్టరమ్మ వాణ్ణి పక్కకి పిలిచి, మళ్ళీ నెల తప్పితే ఈ పిల్ల నీకు దక్కదు అని చెప్పిందట. ఆ భయంతోనే నువ్వు ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ అరుగు మీద పడుకున్నాడు. నన్ను ముట్టని మనిషికి ఇవి ఎవరికోసమని కదా నీ మనసు విరిగింది? నీకోసమేనే పిచ్చిదానా. సిగ్గు చంపుకుని మంగాయమ్మగారిని అడిగి తెచ్చుకున్నాడు. తెచ్చాక నీతో చెప్పలేకపోయాడు. అప్పా, నాను రోజూ సెప్పేద్దామనే అనుకున్నాను, దాని మొకం సూత్తే మాటొచ్చీది కాదు, సచ్చిపోతావని దానికెలా సెప్పను అన్నాడు.

ఇద్దరూ ఆడపిల్లలే, అయినా ఇక చాలని వాడనుకున్నట్టు తెలిస్తే ఆ పంచాయితీ పెద్దలూ మా అమ్మా వంశం మాటెత్తి రెండో పెళ్ళి దాకా వెళతారు. అందుకే బీడీల కథ అల్లాను. అప్పన్న క్షమిస్తాడులే.

నా మాట కూడా నమ్మకు. నీ పెట్టెలో దాచిన సాక్ష్యం బయటికి తియ్యి. ఒక్క ప్యాకెట్టయినా చింపి ఉందేమో చూడు.

నువ్వు ఊఁ అంటే ఆపరేషను తనే చేయించుకుంటానంటున్నాడు. ఎమర్జెన్సీలో ఆపరేషన్లకి పట్టుకెళ్ళే జీపు చప్పుడు వింటే కొండెక్కి దాక్కున్నవాడు వీడేనా అనిపించింది. మంచం మాత్రం ఇంకా లోపలికి తేలేదు. నువ్వొచ్చి పిలిచేదాకా అరుగు మీదేనట. ఆ అరుగు మీదికి చూరు రాదని నీకు తెలుసు కదా. వానలు పడకముందే వచ్చెయ్యి.