గ్రహాంతరవాసి భోజన ప్రార్థన

గురువారం, వాట్‌గంజ్

సీరియల్ రచయితల సమ్మె ఇంకా తెగలేదు. మా బెంగాలీ అంతరిక్ష సీరియల్‌కి ఇవాళ ఒక్క డైలాగూ రాలేదు. భూమిని నాశనం చేయడానికి దిగిన గ్రహాంతరవాసిని నేనే కదా! "మీ ఇంటి భాషలో ఏదో ఒకటి మాట్లాడు దాదా, కింద బెంగాలీ అక్షరాలు తర్వాత వేసుకుంటాం" అన్నాడు డైరెక్టర్.

ఆకుపచ్చ ముఖంతో తుపాకీ ఎత్తి నిలబడితే నా నోటికి వచ్చింది ఒక్కటే, అమ్మ రోజూ అన్నం ముందు చేసే ప్రార్థన. ఈ ఆహారాన్ని దీవించమని నేను గర్జిస్తే హీరో నిజంగానే వణికాడు. డైరెక్టర్ "ఖూబ్ భాలో!" అని చప్పట్లు కొట్టాడు.

ఇంటికొచ్చి, అన్నాల దగ్గర గొప్పగా చెప్పాను. రేవు యూనియన్‌లోనే జుట్టు నెరిసిన నాన్న కంచం పక్కకి నెట్టేశాడు.

"రాసేవోళ్లు సమ్మెలో ఉంటే మాటలు నువ్వు అందించినావేటిరా?"

"నావి కావు నాన్నా, అమ్మవి."

ప్రార్థనకి కళ్లు మూసుకోబోతున్న అమ్మ ఆగిపోయింది. "అయితే నానూ సమ్మెలోకి దిగిపోతన్నాను" అని ముద్ద కలుపుకుంది. నాన్న కంచం దగ్గరికి లాక్కున్నాడు.

మా ఇంట్లో మొదటిసారి ప్రార్థన లేకుండా తిన్నాం. అంతా బాగానే ఉంది గానీ, రేపు భూమిని ఏ మాటలతో నాశనం చేయాలి?