తోడల్లుడికి తిట్లు, లింకుతో సహా

చిరంజీవి అల్లుడికి,

పెద్దమామయ్య ఆశీస్సులు. ఫోన్ కస్టమర్ల కోసం ఖాళీగా ఉంచాలి కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఖాళీగానే ఉంటోంది కూడా. తాళంచెవి పోగొట్టుకున్నవాడు గుమ్మం ముందు నిలబడి ఫోన్లో వెతుకుతాడు. పైన ఎవడి పేరు కనిపిస్తే వాడినే పిలుస్తాడు. నా తోడల్లుడు, అదే మీ చిన్నత్త మొగుడు, మొదటి పేజీలో అయిదో పేరు. నేను నాలుగో పేజీ. అంతదాకా వెతికే ఓపిక ఉన్నవాడికి తాళంచెవే దొరుకుతుంది. నువ్వు చేసేది ఈ పనే కదా, నన్ను పైకి తీసుకురా. లేకపోతే కొట్టు కట్టెయ్యడమే.

ఇట్లు,
పెద్దమామయ్య

తా.క. తాళాలు తీసేవాడి కొట్టుకే తాళం పడితే వీధంతా నవ్వుతుంది.

పెద్దమామయ్య గారికి నమస్కారాలు.

మీ సైటు బాగానే ఉంది, పట్టించుకున్న నాథుడే లేడు. వేరే సైట్లవాళ్లు తమ పేజీల్లో మీ సైటుకి లింకు ఇవ్వాలి. ఎంత పరువున్నవాళ్లు ఇస్తే సెర్చ్‌లో మీరు అంత పైకొస్తారు. పత్రికలో, కాలేజీలో, వర్తక సంఘంలో మీకు తెలిసినవాళ్లున్నారుగా.

మీ అల్లుడు

తా.క. జూదం సైట్లు, జుట్టు మొలిపించే నూనెల సైట్లు లింకులు అమ్ముతామంటాయి. వాటితో చుట్టరికం కలిపితే ఉన్న పరువూ పోతుంది.

అల్లుడికి,

పని అయిపోయింది. పత్రిక, కాలేజీ, సంఘం, మూడు బ్యాంకులు, అంతరిక్ష పరిశోధన కేంద్రం, అందరి లింకులూ నా పేజీలో పెట్టేశాను. అయినా అయిదో పేజీకి జారాను. ఇదెక్కడి న్యాయం?

పెద్దమామయ్య

తా.క. నిన్న ఒక ఫోన్ వచ్చింది. ఇంటి లోను కావాలట.

మామయ్య గారికి,

మీరు వాళ్లకి దండం పెడితే వాళ్ల పరువే పెరుగుతుంది. వాళ్లు మీకు పెట్టాలి. లింకు వాళ్ల పేజీలో ఉండాలి. ఎవరెవరికి తాళాలు తీశారో గుర్తు చేసుకుని, వాళ్ల చేత నాలుగు మాటలు రాయించండి.

అల్లుడు

తా.క. అంతరిక్ష కేంద్రాన్ని తీసేయండి.

చిరంజీవి అల్లుడికి,

ఈసారి గురి తప్పలేదు. పత్రిక ఎడిటరు స్నానాలగదిలో ఇరుక్కుంటే బయటికి తీసింది నేనే. ప్రిన్సిపాలు బీరువా, సంఘం అధ్యక్షుడి కారు తెరిచిందీ నేనే. మొహమాటానికి ముగ్గురూ తమ సైట్లలో రాశారు. నా గురించి నేనే రాయించుకుంటే ఏం బాగుంటుంది? అందుకని తోడల్లుడి గురించి రాయించాను. తాళం తియ్యడం చేతకాక బద్దలుకొట్టి, కొత్తది అంటగడతాడని ఏకిపారేశారు. జనం స్వయంగా చూసుకోవాలని ప్రతి వ్యాసం కిందా వాడి సైటు లింకు పెట్టించాను. ఇక వాడి పని అయిపోయినట్టే.

పెద్దమామయ్య

తా.క. నేనూ నా సైటులో ఏడు పేజీలు తిట్టాను. ఏడింటికీ లింకుంది.

మామయ్య గారికి,

కాస్త కూర్చుని చదవండి. చిన్నమామయ్య ఇప్పుడు మొదటి పేరు. తిట్టారా, పొగిడారా అని ఆ యంత్రం పెద్దగా చూడదు. పరువున్నవాళ్లు ఎవరివైపు వేలు చూపించారన్నదే దానికి కావాలి. ఏడాది కష్టపడినా మేం ఇంత మంచి లింకులు తేలేం. దయచేసి ఇంకేమీ రాయకండి.

అల్లుడు

తా.క. మీ ఏడు పేజీల వల్ల మాత్రం ఆయనకి ఏమీ ఒరగలేదు. మీ సైటుకి అంత పరువు లేదు.

అల్లుడికి,

సిగ్గు చంపుకుని తోడల్లుడి కొట్టుకి వెళ్లాను. అక్కడ ఫోన్ మోగుతూనే ఉంది. "నీ సైటులో నన్ను కడుపారా తిట్టు బాబూ, లింకు పెట్టి మరీ తిట్టు" అని బతిమాలాను. వాడు లేచి చేతులు కట్టుకుని, "ఎంత మాట అన్నయ్యగారూ, పెద్దవారు. మిమ్మల్ని పల్లెత్తు మాట అనను" అన్నాడు. ఇంత దుర్మార్గుణ్ణి నేనెక్కడా చూడలేదు.

ఈ బుద్ధి ఎవరు నేర్పారని అడిగాను. "మా సైటు చూసే కుర్రాడేనండీ. మీరు తిట్టినన్నాళ్లూ నన్ను నోరెత్తొద్దన్నాడు" అన్నాడు. ఎవరా కుర్రాడంటే, "మన అల్లుడే కదండీ, మీకు తెలీదా?" అన్నాడు.

కొట్టు మూసేశాను. రేపటి నుంచి వాడి కొట్టులోనే పని. వాడికి తాళాలు తియ్యడం నిజంగానే చేతకాదు.

ఇట్లు,
నీ చేతిలో బాగుపడ్డ పెద్దమామయ్య

తా.క. నీ కంపెనీ గురించి వివరంగా రాసి పత్రికకీ, కాలేజీకీ, సంఘానికీ ఇచ్చాను. ముగ్గురూ వేశారు. లింకు మాత్రం ఎక్కడా పెట్టనివ్వలేదు.