మగ్గాలు ఆగినప్పుడు

బుధవారం, రాత్రి.

మధ్యాహ్నం కరెంటు పోయి మరమగ్గాలన్నీ ఆగాయి. మనవరాలు జ్యోతిని వెనకనుంచి రెండుసార్లు పిలిచాను. తిరగలేదు. మగ్గాల మోతలో మా ఇంట్లో అందరం సైగలతోనే మాట్లాడుకుంటాం. రెండేళ్లకే సైగలన్నీ పట్టేసిందని మురిసిపోయాం గానీ, వినపడుతోందా అని ఎవరూ చూడలేదు.

అంగన్‌వాడీ టీచరమ్మకు చెప్పాను. "రేపే చిత్తూరు ఆస్పత్రికి తీసకపోండి పెద్దాయనా. చెవి పరీక్ష చేస్తారు. ఇప్పుడైతే మాటలు నేర్పించొచ్చు, ఆలస్యమైతే కష్టం" అంది.

ఇంటికొచ్చి చెబితే కొడుకు నవ్వాడు. "నువ్వు మాత్రం యాడ మాట్లాడతావు నాయనా? నీ పోలికే వచ్చుండాది."

"పొద్దున బస్సుకు నేను తీసకపోతా" అన్నాను. కోడలు పాప గౌను మడిచి సంచిలో పెట్టింది.

డాక్టరుకు ఇదంతా నేనే చెప్పాలి. నోరు పెగలకపోతే ఈ డైరీ పేజీ చూపిస్తాను.