ముందు బండిలో వెళ్ళిన ఆవిడ

చిట్టితల్లికి,
మేమిద్దరం సముద్రం ఒడ్డుకు క్షేమంగా చేరాం. ఫోనులో అయితే నా గొంతు పట్టిచ్చేస్తుందని కార్డు రాస్తున్నాను.

నలుగురితో వ్యానులో అయితే మీ నాన్న కంగారుపడతారని నువ్వు విడిగా బుక్ చేసిన కారు విమానాశ్రయం బయటే ఉంది. డ్రైవరు నా పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడ్డాడు. అది చదివి మీ నాన్న, "ఈ కారు మా ఆవిడది. ఆవిడ రాకుండా నేనెక్కను" అంటూ పెట్టె మీద కూర్చున్నారు. ఆ ఆవిడ నేనేనని ఎంత చెప్పినా మర్యాదగా నవ్వారే గాని, గుర్తుపట్టలేదు. డ్రైవరుకు సంగతి అర్థమైంది.

"మేడం ముందు బండిలో వెళ్ళారు సార్. మిమ్మల్ని జాగ్రత్తగా తీసుకురమ్మన్నారు" అన్నాడు.

వెంటనే ఎక్కారు. ఆవిడకు సముద్రమంటే ఎంత ఇష్టమో, తీసుకొస్తానని ఎన్నేళ్ళు మాట తప్పారో దారంతా నాకే చెప్పారు.

తిరుగు ప్రయాణానికీ ఆ డ్రైవరునే పంపమను. నాన్నకు నిద్రమాత్ర సగం వేయాలో ఒకటి వేయాలో డాక్టరును కనుక్కో. మొక్కలకు నీళ్ళు పోస్తున్నావా?

హోటలు గదిలోకి రాగానే మీ నాన్న, "చాలా సాయం చేశారు. ఇక వెళ్ళండమ్మా, మీవారు ఎదురుచూస్తుంటారు" అన్నారు. అందుకే వరండాలో కూర్చుని రాస్తున్నాను. లోపల ఫ్లాస్కులోని టీ రెండు కప్పుల్లో పోసి, ఒకదాని మీద సాసరు మూతపెట్టారు. కొంగుతో ముఖం తుడుచుకుని, ఇప్పుడే వచ్చినదానిలా తలుపు తడతాను.

నీకూ అల్లుడికీ మా ఇద్దరి దీవెనలు.
అమ్మ